వెన్నులో నీళ్ళు

శంషాబాద్,
4 నవంబర్ 2024.

బుడ్డీ,

కవరు మీద కుట్టుమిషన్ల కంపెనీ పేరు చూసి కంగారు పడకు. ఇది నేనే. అత్తమ్మకు చదువు రాకపోయినా నా వంకర గీతలు గుర్తుపడుతుంది. అందుకే అడ్రసు మా సూపర్‌వైజర్ ప్రేమలత మేడం చేత రాయించాను. అడిగితే కుట్టు నేర్చుకునే కాగితాలు వచ్చాయని చెప్పు. నీకు గుండీ కుట్టడం కూడా రాదని ఆమెకు తెలుసు, సంతోషపడుతుంది.

నా శ్రావణ్ పోయిన పదకొండో రోజు అత్తమ్మ అన్న మాట మరిచిపోలేదు కదా. "ఏడాది మాసికం అయ్యేదాక నీ గొంతు ఆ ఇంట్ల వినపడొద్దు మంజులా. నాకు ఉన్నది ఇగ ఒక్క మనుమడు" అని నాగపూర్ రైలెక్కి మీ ఇంటికి వచ్చింది. నీ ఫోన్ కూడా ఆమె కొంగులోనే ఉంటుందని మీ ఆయన రాఘవేందర్ మీ బావకు చెప్పాడట. నాకు కోపం లేదు. ఫోన్ చేసినా నాకు మాట రాదు, ఏడుపే వస్తుంది. రాస్తే కనీసం మాట వస్తుంది. ఏడో తరగతి చదువు నాది, తప్పులుంటే దిద్దుకుని చదువు.

బాపు తన అక్కకు మాటిచ్చి మనిద్దరినీ ఆమె ఇద్దరు కొడుకులకు ఇచ్చినప్పుడు నువ్వెంత సంబరపడ్డావు. అక్కాచెల్లెళ్ళం ఒకే గడపలో ఉంటాం, అత్త మన మేనత్తే, కొట్టదు తిట్టదు అన్నావు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ మాట నిజమే.

నేను మళ్ళీ పనిలోకి పోతున్నాను. విమానాల్లో పెట్టే భోజనం సర్దే వంటశాల అని చెప్పాను కదా, అదే. ట్రేలో చెంచా, బన్ను, పెరుగు డబ్బా, వరసగా పెట్టాలి. పిల్లల భోజనం అని రాసిన ట్రే వస్తే ప్రేమలత మేడం దాన్ని నా ముందు నుంచి తీసి పక్కావిడకు జరుపుతుంది. నేను చూడనట్టు ఉంటాను. ఇంటి మీదుగా విమానం పోతే మాత్రం ఉండలేను. "అండ్ల సామాన్లు మా బాపు ఎక్కిచ్చిండు" అని శ్రావణ్ ఎంతమందికి చెప్పేవాడో.

మొన్న షాద్‌నగర్ బస్సులో మసర్రత్ మేడం కనిపించింది. దవాఖానలో పరీక్షల గదిలో పని చేస్తుంది. శ్రావణ్ వెన్నులోంచి నీళ్ళు తీసిన రోజు వాడి కాళ్ళు పట్టుకున్నది ఆమే. "మీ బాబు రిపోర్టు ఆగస్టుల్నే వచ్చిందమ్మా, ఎవ్వరు తీస్కపోలే" అంది. పిల్లవాడే లేడు, కాగితం తెచ్చి ఏం చేసుకోను? ఆ సూదే వాడిని తీసుకుపోయింది. ఆమె పక్కన సీటు ఇచ్చినా కూర్చోలేదు, పాలమాకుల స్టాపు దాకా నిలబడే పోయాను.

మణిదీప్‌కు మూడున్నర నిండి ఉంటుంది. పెద్దమ్మ గుర్తుందా వాడికి? బాగా నడుస్తున్నాడా? ఊరికే అడిగాను.

మీ అక్క,
మంజుల.

*

నాగపూర్,
13 నవంబర్ 2024.

అక్కా,

అత్తమ్మ కవరు చేత్తో తూచి, "కుట్టు కాగితాలు గింత బరువున్నయేందే" అంది. అంగీల కొలతలు అన్నాను. ఇప్పుడు రోజూ "నా మనుమనికి లాగు ఎప్పుడు కుడతవే" అని అడుగుతోంది. నన్ను ఇరికించావు.

అత్తమ్మ చెడ్డది కాదు అక్కా. శ్రావణ్ చిన్న చొక్కా ఒకటి ఆమె సంచి అడుగున ఉంది. నాకు తెలియదనుకుంటుంది.

మణిదీప్ బాగున్నాడు. పోయిన వారం మూడు రోజులు జ్వరం కాసి తగ్గింది. తగ్గినప్పటి నుంచి నడక తమాషాగా ఉంది. ఇంట్లో గోడ పట్టుకుని, వీధిలో నా కొంగు పట్టుకుని ఊగుతూ నడుస్తాడు. ఈయన ఆఫీసులోని తెలుగువాళ్ళు వచ్చి చూసి, "ఏందిరా, కల్లు కాంపౌండుకెళ్ళి వస్తున్నవా" అని ఒకటే నవ్వు. వాడూ నవ్వాడు. బజారులో కొన్న చెప్పులు ఒక నంబరు పెద్దవి, అవే కారణం అంటుంది అత్తమ్మ. చెంచా కూడా నోటికి కాకుండా చెంపకు పోనిస్తున్నాడు. మొదట కోప్పడ్డాను, ఇప్పుడు ఆట అనుకుని ఊరుకుంటున్నాను.

ఈయనకు ఇక్కడి విమానాశ్రయంలో డ్యూటీ రోజుకో వేళకు వేస్తున్నారు. మరాఠీ నాకు ఇంకా రాలేదు. కూరగాయలామె, నేను వేళ్ళతోనే మాట్లాడుకుంటాం. నాకు అన్నం సహించడం లేదు. ఇక్కడి నీళ్ళు పడలేదేమో.

సూది సంగతి రాశావు. నేనూ అదే అనుకుంటూ ఉంటాను. ఎనిమిది నెలలు వద్దన్నదానివి, చివరికి ఎందుకు సంతకం పెట్టావు అక్కా? తప్పు పట్టడం లేదు. అనుకుంటాను, అంతే.

అఖిల.

*

శంషాబాద్,
20 నవంబర్ 2024.

బుడ్డీ,

నీ ఉత్తరం పనిలో ఉండగా చదివాను. చెప్పుల దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ప్రేమలత మేడం నన్ను నీళ్ళ కుండ దగ్గర కూర్చోబెట్టింది.

శ్రావణ్‌కు కూడా చెప్పులు పెద్దవయ్యాయనే అనుకున్నాం. నీకు తెలియదు, అప్పుడు మణిదీప్ చిన్నవాడు, ఎవరూ నీకు ఏమీ చెప్పలేదు. వాడికీ జ్వరం వచ్చి తగ్గింది. తర్వాత ఊగుతూ నడిచాడు. నెల తర్వాత కొంచెం సర్దుకున్నాడు, మేం మొక్కు తీర్చుకున్నాం. తర్వాత గడపకు తట్టుకుని పడ్డాడు, నుదుటికి బొప్పి కట్టింది, అంతే. మళ్ళీ నడవలేదు. ప్రతిసారీ మెట్టు మెట్టుగా దిగాడు. ఒక మెట్టు ఎక్కుతాడు, రెండు దిగుతాడు.

మైసిగండి గుడికి పోయాం. పహాడీ షరీఫ్ దర్గా మెట్లన్నీ వాడిని భుజాన వేసుకుని ఎక్కాడు మీ బావ. దవాఖానలో మొదటి రోజే పెద్ద డాక్టరు, "వెన్నులోంచి నీళ్ళు తీసి చూస్తే ఏ జబ్బో దారి దొరుకుతదమ్మా" అన్నాడు. వెన్నులో సూది దిగితే కాళ్ళు పడిపోతాయని అందరూ అన్నారు. అప్పటికే పడిపోయిన కాళ్ళకు నేను భయపడ్డాను.

నీకు భయం పెట్టాలని కాదు. ఒకసారి పెద్ద దవాఖానలో చూపించు. జ్వరం వస్తే గంట కూడా ఆగనీయకు. పడనీయకు. మెత్తటి టోపీ ఒకటి పంపుతున్నాను, దూది దట్టంగా పెట్టి కుట్టాను, నీలం బట్ట. ఇంట్లో కూడా పెట్టు. నవ్వితే నవ్వనీ.

రేపు సెలవు పెట్టి మసర్రత్ మేడం దగ్గరికి పోతాను. ఆ కాగితం తెచ్చుకుంటాను.

మీ అక్క.

*

నాగపూర్,
2 డిసెంబర్ 2024.

అక్కా,

టోపీ పార్సెల్ అత్తమ్మ చేతికే వచ్చింది. విప్పి చూసి నేల మీద కూలబడింది. "సచ్చిన పిలగాని టోపీ బతికిన పిలగానికి పంపుతదా నీ అక్క? దాని కడుపు మండుతుంటే నా ఇంటికి మంట పెడతదా?" అని వీధి అంతా వినబడేలా ఏడ్చింది. తీసుకుపోయి కాలువలో వేసి వచ్చింది. కుట్టుమిషన్ కంపెనీ సంగతి కూడా బయటపడింది.

నేను నీ వైపు మాట్లాడబోయాను. నోరు రాలేదు. ఎందుకంటే నాకూ అలాగే అనిపించింది. మణిదీప్ బాగానే ఉన్నాడు, నడక చాలావరకు సర్దుకుంది. నువ్వేమో వాడు మెట్లు దిగుతున్నాడని రాశావు. నీ కొడుకు పోయాడు కాబట్టి లోకంలో పిల్లలందరూ పోతారని నీకు కనిపిస్తోందేమో అక్కా. వాడిని నా వైపు నుంచి కాకుండా నీ వైపు నుంచి చూస్తున్నావు.

ఇగ కొన్నాళ్ళు రాయకు. ఏడాది తిరగనీ. ఇంట్లో ఇంకో సంగతి కూడా ఉంది, అది నీకు ఇప్పుడు చెప్పకూడదు.

అఖిల.

*

శంషాబాద్,
10 డిసెంబర్ 2024.

బుడ్డీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చదివి చింపేయి, కానీ చదువు.

టోపీ శ్రావణ్‌ది కాదు. అత్తమ్మ సంచిలో ఉన్న ఆ చొక్కా తప్ప వాడి బట్టలన్నీ వాడితోనే పోయాయి. మూలమలుపు దుకాణంలో కొన్న కొత్త బట్ట అది. చెప్పకుండా పంపడం నా తప్పు. చెప్పకూడని సంగతి ఏమిటో నేను అడగను. నా గురించి అత్తమ్మ ఇంకేదో అని ఉంటుంది.

కాగితం తెచ్చాను. మసర్రత్ మేడం తన తిండి గంటలో డబ్బా పక్కన పెట్టి నాకు చెప్పింది. నాకు అర్థమైనట్టు నేను రాస్తాను. మెదడు చుట్టూ, వెన్నులో ఒకే నీళ్ళు తిరుగుతుంటాయట. ఆ నీళ్ళలో ఇనుమును మోసుకుపోయే మాంసకృత్తు ఒకటి ఉంటుంది. అది రెండు రకాలు. రక్తంలోంచి వచ్చినదానికి కొసన చక్కెర ముక్క లాంటిది ఉంటుంది. మెదడు తానే తయారు చేసుకున్నదానికి ఆ ముక్క ఉండదు. నాకు తల తిరిగింది. అప్పుడు మా వంటశాల గుర్తొచ్చింది. బయటి గోదాము నుంచి వచ్చే బండ్లకు ఎర్ర చీటీ ఉంటుంది. మా దగ్గర నింపిన బండ్లకు చీటీ ఉండదు. గేటు దగ్గర నిలబడి చూస్తే చాలు, చీటీ లేని బండి ఒక్కటీ రావడం లేదంటే లోపల పొయ్యి ఆరిపోయినట్టే. ఈ మాట అంటే మేడం నా వంక చూసి, "గట్లనే అమ్మా, అచ్చం గట్లనే" అంది. శ్రావణ్ నీళ్ళలో చీటీ లేనిది దాదాపు లేదు. మెదడులో తెల్ల భాగం కరిగిపోయే జబ్బు అట. దారి చూపింది ఆ నీళ్ళే. తర్వాత, అప్పుడే తీసిపెట్టిన వాడి రక్తం కూడా అదే మాట చెప్పింది.

ఇప్పుడు జర గుండె గట్టి చేసుకో. అది పుట్టుకతో వస్తుంది. తల్లి దగ్గర సగం, తండ్రి దగ్గర సగం ఉంటే, ఆ రెండూ కలిసిన బిడ్డకు వస్తుంది. సగం ఉన్నవాళ్ళకు ఏమీ కాదు, తిరుగుతూ ఉంటారు, నాలాగా. నువ్వు నా చెల్లెలివి. రాఘవేందర్ మీ బావకు తమ్ముడు. అత్తమ్మ మన బాపుకు అక్క. "మీ చెల్లెకు పిల్లలున్నరా?" అని మేడం అడిగింది. ఉన్నాడు అన్నాను. ఆమె తన డబ్బా మూత పెట్టేసింది, మళ్ళీ తినలేదు.

ఇంటికి వచ్చి మీ బావకు చెప్పాను. "మా రక్తంల గసుంటిది ఏం లేదు" అన్నాడు. తర్వాత కాగితం తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు, ఇంకేమైనా రాసి ఉందేమో అని. రాఘవేందర్‌కు ఫోన్ చెయ్యమన్నాను. పచ్చటి ఇంటికి పాడు మాట ఎట్లా చెప్పను అన్నాడు. నేనే నీ నంబరుకు చేశాను. అత్తమ్మ ఎత్తింది. నేను ఊపిరి తీసుకోగానే గుర్తుపట్టి "రాంగ్ నంబర్" అని పెట్టేసింది.

మందు లేదట ఇంకా. కానీ మూడింటికి భయపడాలి అంది మేడం. జ్వరం, తలకు దెబ్బ, దడుపు. గట్టిగా దడుచుకున్నా కూడా ఈ జబ్బు పిల్లలు ఒక్కసారిగా దిగిపోతారట. అత్తమ్మకు దడుపు తీసే అలవాటు ఉంది. కొడవలి ఎర్రగా కాల్చి, పిల్లవాడి చెవి పక్కన నీళ్ళలో ముంచుతుంది. నీకు కాళ్ళు మొక్కుతాను బుడ్డీ, మణిదీప్ దగ్గర ఆ పని చెయ్యనీయకు.

మీ అక్క.

*

నాగపూర్,
12 డిసెంబర్ 2024.

అక్కా,

రాయకు అన్నదాన్ని నేనే రాస్తున్నాను. చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు.

సోమవారం మణిదీప్ మంచం మీంచి పడ్డాడు. ఎత్తు లేదు, మోకాలంత మంచం. ఏడవలేదు. అత్తమ్మ, "దడ్సుకున్నడు, కండ్లల్ల కనపడుతుంది" అంది. మంగళవారం పొద్దున కొడవలి కాల్చింది. నేను ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాడి చేతులు పట్టుకున్నాను. పక్కనే చుయ్యిమని ఆవిరి లేచింది. వాడు ఒక్కసారి ఎగిరిపడ్డాడు. తర్వాత మెల్లగా మెత్తబడిపోయాడు అక్కా. తడిపిన బట్ట లాగా. మధ్యాహ్నానికి మెడ నిలపలేదు. సాయంత్రానికి పిలిస్తే కళ్ళు తెరిచి నన్ను దాటి ఎటో చూశాడు.

ఇప్పుడు దవాఖానలో ఉన్నాం. తల ఫోటో తీశారు. డాక్టరమ్మ హిందీలో చెప్పింది, వెన్నులోంచి నీళ్ళు తీయాలట. అత్తమ్మ వార్డు తలుపుకు అడ్డంగా కూర్చుంది. "ఒక మనుమన్ని సూది మింగింది. ఇంకొకన్ని ఇయ్య. నా మీదికెళ్ళి దాటి పోండ్రి" అంటోంది. ఈయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సంతకం పెట్టమని కాగితం నా చేతికిచ్చారు. నా ఒళ్ళోనే ఉంది. దాని మీదే పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

శ్రావణ్‌కు కూడా కొడవలి కాల్చారా? అప్పుడేమైంది? నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. సూది వేశాకే పోయాడు కదా, నువ్వే కదా అన్నావు.

అఖిల.

*

శంషాబాద్,
18 డిసెంబర్ 2024.

బుడ్డీ,

నీ ఉత్తరం నిన్న చేరింది. నువ్వు రాసిన ఐదు రోజులకు. నేను వద్దని రాసింది నీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు కింద పడి ఉంటుంది.

నిన్ననే మసర్రత్ మేడం ఇంటికి పరుగెత్తాను. ఆమె అక్కడి దవాఖాన నంబరు సంపాదించి డాక్టరమ్మతో మాట్లాడింది. శ్రావణ్ కాగితాలు ఫోటో తీసి పంపింది. నర్సు నీ చెవికి ఫోన్ పెట్టింది. నువ్వు "అక్కా" అన్నావు. నాకు మాట రాలేదు, నీకు తెలిసిందే. ఏడ్చాను. మణిదీప్ పోతాడని ఏడ్చాననుకుని నువ్వు ఫోన్ వదిలేశావట. అందుకు కాదు బుడ్డీ. ఇది చెప్పలేక ఏడ్చాను.

శ్రావణ్‌కు కూడా కొడవలి కాల్చారు. జూన్‌లో. వాడు అప్పటికి కూర్చుంటున్నాడు, అమ్మా బాపూ అంటున్నాడు. ఎండలో కుక్క మొరిగితే ఉలిక్కిపడ్డాడని అత్తమ్మ కొడవలి పెట్టింది పొయ్యిలో. వాడి చేతులు నేనే పట్టుకున్నాను. వాడు కొడవలి చూసి నా మొహం చూశాడు. "వద్దే అమ్మా" అన్నాడు. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అదే వాడు నాతో అన్న ఆఖరి మాట. ఆ సాయంత్రం నుంచి లేవలేదు. పన్నెండు రోజుల తర్వాత డాక్టరు మళ్ళీ అడిగితే అప్పుడు సూదికి సంతకం పెట్టాను. పెట్టిన ఎనిమిదో రోజు పోయాడు.

సూది వాడి దగ్గర ఏమీ తీసుకోలేదు. నాలుగు చెంచాల నీళ్ళు తీసుకుంది. ఆ నీళ్ళే ఇప్పుడు నీ కొడుకు గురించి మాట్లాడుతున్నాయి. సూది చంపిందని నేను ఊరంతా చెప్పాను. కొడవలి మాట, నా చేతుల మాట చెప్పలేక చెప్పాను. నా మాట నమ్మి అత్తమ్మ ఇప్పుడు తలుపుకు అడ్డం కూర్చుంది. ఆమెకు అది చెప్పు. అబద్ధం నాది, ఆమెది కాదు.

ఎప్పుడైనా వచ్చేదే ఆ జబ్బు, మీరు చెయ్యకపోయినా వచ్చేదే అని మేడం అంటుంది. ఆమె మంచిది, అలాగే అంటుంది. కానీ ఇంకో ఏడాది ఉండేవాడేమో. ఆరు నెలలు ఉండేవాడేమో.

నీ చేతులు కూడా పట్టుకున్నాయి. నీకు తెలియక పట్టుకున్నాయి. అది నువ్వు మోయకు, నా దానిలో కలిపెయ్యి.

దీన్ని పోస్టులో వెయ్యను. మేడం ఫోటో తీసి ఆ నర్సు ఫోన్‌కు పంపుతుంది. చదవగానే సంతకం పెట్టు.

మీ అక్క.

*

నాగపూర్,
19 జనవరి 2025.

అక్కా,

నర్సు ఫోన్ చేతికిచ్చి వరండాలో నిలబెట్టింది. నీ రాత పెద్దగా చేసి చదివాను. కొన్ని చోట్ల ఆగాను. చదివి సంతకం పెట్టాను. తండ్రి సంతకం కూడా కావాలన్నారు. ఈయన వచ్చి నా పేరు కింద పెట్టాడు.

అత్తమ్మకు నీ మాట అంతా చెప్పాను. కొడవలి దగ్గరికి వచ్చేసరికి, "ఇగ సాలు" అని లేచి తలుపు వదిలింది. నీళ్ళు తీసేటప్పుడు మణిదీప్ కాళ్ళు పట్టుకోవడానికి లోపలికి పోయింది ఎవరనుకున్నావు? ఆమే.

వాడిదీ అదే అక్కా. చీటీ లేనివి దాదాపు లేవు. డాక్టరమ్మకు నీ బండ్ల సంగతి హిందీలో చెప్పబోయి ఏడ్చాను. రక్తం కూడా అదే చెప్పింది, మొన్న వచ్చింది. వాడు కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపడుతున్నాడు. మెడ కొంచెం నిలుపుతున్నాడు. కాళ్ళు రాలేదు. నిన్న రెండు చెంచాల పెరుగన్నం మింగాడు, మూడోది నా మీద ఊదాడు. జ్వరం రానివ్వకండి, అదొక్కటే మనం చేయగలిగింది అంటారు. ఇంట్లో గట్టిగా తలుపు కూడా వేయడం లేదు. అత్తమ్మ కొడవలి పాత ఇనుము వాడికి వేసి వచ్చింది. తర్వాత నా దగ్గర కూర్చుని, "ఇద్దరు మనుమండ్లకు నేనే ఇచ్చిన్నా ఇది? నా తమ్ముని బిడ్డలని ఏరి కోరి తెచ్చుకుంటినే" అంది. బాపు దగ్గర కూడా ఉండి ఉంటుంది, నీ ఒక్కదానిది కాదు అన్నాను. అదొక ఓదార్పా?

ఇప్పుడు చెప్పకూడని సంగతి చెబుతాను. నాకు నాలుగో నెల అక్కా. అన్నం సహించనిది అందుకే. నీకు చెబితే నీ కన్ను పడుతుందని అత్తమ్మ అంది, నేనూ నమ్మాను. నీ కన్ను. నాకు స్నానం చేయించి పెంచింది నువ్వే.

నాలుగింట ఒకటి అంటారు. నాలుగులో ఒక బిడ్డకు రావచ్చట. కడుపులోంచి కూడా నీళ్ళే తీసి చూస్తారట, ముప్పయ్యో తారీఖు గురువారం. తర్వాత ఏం చెయ్యాలో మమ్మల్నే చెప్పమంటారు. నాకు చేతకాదు. ఈయన మళ్ళీ గోడ వైపు తిరిగాడు. నువ్వు రా. "ఏడాది గీడాది ఏం లేదు, రమ్మను దాన్ని" అని అత్తమ్మే అంది. నీలం టోపీ ఇంకొకటి కుట్టుకుని రా. పాతది కాలువలో ఎంత దూరం పోయిందో.

నీ బుడ్డి.

*

శంషాబాద్,
25 జనవరి 2025.

బుడ్డీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. సోమవారం రైలెక్కుతున్నాను, అందుకే ఇది కూడా మసర్రత్ మేడం ఫోటో తీసి నీ ఫోన్‌కు పంపుతుంది. మీ బావ కూడా వస్తున్నాడు. మళ్ళీ ఆ కాగితం తీసి చూశాడు. ఈసారి వెనక్కి తిప్పలేదు. "రాఘవ ఒక్కడే ఉన్నడు ఆడ" అన్నాడు.

టోపీ అయిపోయింది. దూది ఇంకా దట్టంగా పెట్టాను. రెండోది చిన్నది కుట్టడానికి బట్ట కత్తిరించి, కుట్టకుండా మడిచి సంచిలో పెట్టాను. గురువారం తర్వాత కుడతాను.

నాకు నీ మీద కోపం ఉందని అనుకోకు. నాలుగో నెల అని చదివాక మొదట నాకు కోపం రాలేదు, సంతోషం రాలేదు. భయం వచ్చింది. ఇవాళ పనిలో అదే లెక్క పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగో ట్రే దగ్గర చెంచా పెట్టడానికి చెయ్యి ఆగుతోంది. వెనక ట్రేలన్నీ వచ్చి గుద్దుకుంటున్నాయి. ప్రేమలత మేడం చూసి ఏమైంది మంజులా అంది. ఏం లేదు మేడం, లెక్క తప్పింది అన్నాను. నాలుగింట మూడు బాగుంటాయి కదా అని మసర్రత్ మేడం అంది. శ్రావణ్ ఒకడే, మణిదీప్ ఒకడే. వాళ్ళకు మూడు ఎక్కడున్నాయి?

గురువారం నీ చేతులు నేను పట్టుకుంటాను. నువ్వు వద్దంటే వదిలేస్తాను. ఏం తేలినా, ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. అత్తమ్మ, నేను, మగవాళ్ళు, ఎవరమూ నీ తరఫున చెప్పం. నేను ఆమెతో ఆ మాట మాట్లాడతాను, ఇప్పుడు నాకు నోరు వస్తుంది.

మణిదీప్‌కు చెప్పు, పెద్దమ్మ వస్తోంది, పెదబాపు వస్తున్నాడు, విమానాల్లో సామాన్లు ఎక్కించే పెదబాపు అని. మెల్లగా చెప్పు, ఉలిక్కిపడకుండా.

మేం వచ్చేదాకా మూడు రోజులుంది. పెరుగన్నమో, పచ్చిపులుసో, ఏది పోతే అది. వేళకు కడుపునిండా తిను.

మీ అక్క,
మంజుల.